‘ప గ రి’ మీద పదహారు లక్షల డాలర్ల దావా

హార్మోనియం ముందు కూర్చుని మూడో శ్రుతిని షడ్జంగా పెట్టుకోండి. ‘ప గ రి’ అని దిగి రిషభం మీద ఆగండి. అలా నాలుగుసార్లు. ఆ తర్వాత అదే పంచమం నుంచి పైకి ‘ప ద స ద స’ అని తార షడ్జం అందుకోండి. 1970 చివరి నెలల నుంచి ప్రపంచమంతా పాడుకున్న ‘మై స్వీట్ లార్డ్’ పాటకు ఎముకల గూడు ఇదే. అంతకు ఏడేళ్ల ముందు, 1963లో, అమెరికా పాటల పట్టికలో నాలుగు వారాలపాటు మొదటి స్థానంలో నిలిచిన ‘హి ఈజ్ సో ఫైన్’ పాటకు కూడా ఇదే గూడు. ఆ రెండో వాక్యం దగ్గరే గొడవంతా మొదలైంది.

పాట ఉన్న ఆల్బమ్ పేరు ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’. బీటిల్స్‌లో లీడ్ గిటార్ వాయించిన జార్జ్ హారిసన్ దాన్ని 1970 నవంబర్ 27న అమెరికాలో, మూడు రోజుల తర్వాత బ్రిటన్‌లో విడుదల చేశాడు. మూడు ఎల్పీ రికార్డులు, ఒక అట్టపెట్టె. మొదటి రెండు రికార్డుల్లో 18 ట్రాకులు, ‘ఆపిల్ జామ్’ అన్న మూడోదాంట్లో స్టూడియోలో వాద్యగాళ్లు కాలక్షేపానికి వాయించుకున్న 5 ముక్కలు. మొహమాటం లేకుండా చెప్పాలంటే ఆ మూడో రికార్డును రెండోసారి పెట్టుకుని వినేవాళ్లు తక్కువే. మిగతా రెండూ మాత్రం ఏళ్లతరబడి గాదెలో నిలవున్న ధాన్యం ఒక్కసారి బయటికి పోసినట్టు ఉంటాయి. బీటిల్స్ రికార్డు ఒక్కోదానిలో హారిసన్‌కు దక్కే వాటా చాలాసార్లు ఒకటి రెండు పాటలే. మిగిలినవి ఎక్కువగా తోటి సభ్యులు లెనన్, మెక్‌కార్ట్నీలవి. ‘ఈజింట్ ఇట్ ఎ పిటీ’ 1966 నాటిది. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాటను 1969 జనవరిలోనే బృందంతో సాధన చేసి వదిలేశారు. హారిసన్ పేరున అప్పటికే 1968లో ఒక సినిమా సంగీతం రికార్డు, 1969లో ఒక సింథసైజర్ ప్రయోగం వచ్చాయి. పాటల ఆల్బమ్ అంటూ చెప్పుకోదగ్గది ఇదే మొదటిది.

రికార్డింగ్ 1970 మే చివర్లో లండన్ అబ్బీ రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోలో మొదలైంది. నిర్మాత ఫిల్ స్పెక్టర్. ‘వాల్ ఆఫ్ సౌండ్’ అని పేరుపడ్డ ఆయన పద్ధతిలో రహస్యమేమీ లేదు. ఒక గిటార్ సరిపోయే చోట నాలుగైదు, ఒక పియానో బదులు రెండు మూడు, అందరూ ఒకే గదిలో ఒకేసారి వాయించాలి. ‘బ్యాడ్‌ఫింగర్’ బృందంలోని ముగ్గురు అకూస్టిక్ గిటార్ల మీద, నాలుగోవాడు టాంబరిన్ మీద కూర్చున్నారు. ఎరిక్ క్లాప్టన్, రింగో స్టార్, బేస్ గిటార్ వాయించే క్లాస్ ఫోర్‌మన్, కీబోర్డుల మీద బిల్లీ ప్రెస్టన్, గ్యారీ రైట్, బాబీ విట్‌లాక్, డ్రమ్స్ మీద జిమ్ గోర్డన్... ఆల్బమ్ మొత్తంలో వాయించినవాళ్ల పట్టిక పెళ్లి శుభలేఖలో బంధువుల వరస లాగా సాగుతుంది.

ఒకే కార్డ్‌ను, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపును, నలుగురు కలిసి మీటితే శబ్దం నాలుగింతలు పెరుగుతుందనుకోవడం పొరపాటు. ఏ ఇద్దరి చెయ్యీ ఒకే క్షణాన తీగ మీద పడదు. మధ్యలో సెకనులో కొన్ని వందోవంతుల తేడా ఉంటుంది. శ్రుతిలోనూ వెంట్రుకవాసి తేడాలుంటాయి. ఆ తేడాలన్నీ కలిసి ఒక్కో మీటును వెడల్పు చేస్తాయి. చెవికి నాలుగు గిటార్లు విడివిడిగా వినపడవు, ఒకే పెద్ద గిటార్ గాలి పీల్చి వదులుతున్నట్టు ఉంటుంది. ‘మై స్వీట్ లార్డ్’ మొదటి కొన్ని సెకన్లలో వినిపించేది అదే. ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో ఒక ట్రాకును నాలుగుసార్లు కాపీ చేసి పెడితే ఈ గుణం రాదు. కాపీలన్నీ అచ్చంగా ఒకటే కాబట్టి శబ్దం పెరుగుతుందే తప్ప వెడల్పు కాదు. నాలుగుసార్లూ వేరుగా వాయించాల్సిందే.

స్పెక్టర్ పద్ధతికి ఉన్న జబ్బు రివర్బ్, అంటే శబ్దానికి కలిపే ప్రతిధ్వని. ఈఎంఐలో అప్పుడు ఉన్నవి 8 ట్రాకుల యంత్రాలు, అంటే టేపు మీద ఎనిమిది శబ్దాలను విడివిడిగా పట్టేవి. ఎనిమిదీ నిండాక కొత్త గొంతులకు చోటు కావాలంటే ఉన్నవాటిని రెండింటిలోకి కలిపి మిగతావి ఖాళీ చేసుకోవాలి. అలా కలిపేటప్పుడు ప్రతిధ్వని కూడా శబ్దంతోపాటే టేపు మీదికి ఎక్కిపోతుంది. పప్పులో ఉప్పు ఎక్కువైనట్టే, వేశాక తీయడం కుదరదు. పైగా కలిపిన ప్రతిసారీ టేపు బుసబుస కూడా పేరుకుంటుంది. తర్వాత ట్రైడెంట్ స్టూడియోలోని 16 ట్రాకుల యంత్రానికి మార్చడంతో గొంతులకు, స్లైడ్ గిటార్లకు చోటు దొరికింది గానీ, అప్పటికే ఎక్కిన ప్రతిధ్వని ఎక్కినట్టే ఉండిపోయింది. రికార్డింగ్ సగంలో స్పెక్టర్ అమెరికా వెళ్లిపోయి, ఆగస్టు 19న ఏ పాటకు ఏం చేయాలో ఉత్తరం రాసి పంపాడు. పై పనులు చాలావరకు హారిసన్, ఇంజినీర్ కెన్ స్కాట్ కలిసి పూర్తి చేసుకున్నారు.

ఇక పాట కట్టుబడికి వద్దాం. ఎత్తుగడ ఎఫ్ షార్ప్ మైనర్, బి అనే రెండు కార్డులు ఊయల లాగా అటూ ఇటూ ఊగడం. మన స్వరాల్లో రాసుకుంటే మొదటిది ‘రి మ ద’, రెండోది ‘ప ని రి’. రెండింటిలోనూ షడ్జం లేదు, గమనించండి. పాట మూడో శ్రుతిలో ఉందని చెప్పే ‘స గ ప’, అంటే ‘ఈ’ (E) మేజర్ కార్డ్, ఎత్తుగడలో కనపడదు. పైన గొంతు పాడే ‘ప గ రి’ కూడా రిషభం మీదే నిలబడిపోతుంది. ఇంటి చుట్టూ తిరుగుతూ గడప తొక్కని పరిస్థితి అది. దేవుణ్ని చూడాలన్న మాట వచ్చే రెండో వరసలో ‘ప ద స ద స’ అని షడ్జం దొరుకుతుంది, కింద కార్డులు కూడా ‘స గ ప’, ‘ద స గ’ లోకి మారతాయి. కోరిక చెప్పే చోటే శ్రుతి స్థానం దొరకడం ఈ పాటలోని అసలు పనితనం.

ఈ రెండు వరసల్లో గొంతు వాడిన స్వరాలన్నీ రాసి చూస్తే స రి గ ప ద. మోహన రాగం నేర్చుకున్న ఏ పిల్లకైనా తెలిసిన అయిదు స్వరాలు. అంతమాత్రాన ఇది మోహనలో కట్టిన పాట కాదు, కింద నడిచే కార్డుల్లో మధ్యమ, నిషాదాలు దర్జాగా ఉన్నాయి. కానీ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, కోర్టు దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

గిటార్ మీద వాయించేవాళ్లకు ఒక చిక్కు ఉంది. రెండో మెట్టు మీద క్యాపో (తీగలన్నిటినీ కలిపి నొక్కి పట్టే బిగింపు) బిగిస్తే మొదటి సగం తేలిక. ‘ఈ మైనర్’ (Em), ‘ఏ’ (A) ఆకారాలతో ఎత్తుగడ, ‘డి’ (D), ‘బి మైనర్’ (Bm) ఆకారాలతో రెండో వరస వచ్చేస్తాయి. నడుమ ఒక డిమినిష్డ్ కార్డ్ ఉంది, దాన్ని వదిలేస్తే పాట చప్పబడుతుంది. పాట మధ్యలో శ్రుతి మూడు నుంచి నాలుగున్నరకు, అంటే ‘ఈ’ (E) నుంచి ‘ఎఫ్ షార్ప్’ (F#)కు ఎక్కుతుంది. క్యాపో మధ్యలో జరపలేం. అక్కడి నుంచి ఎఫ్ షార్ప్ మైనర్, బి ఆకారాలతో చూపుడు వేలు తీగలన్నిటికీ అడ్డంగా నొక్కే బార్ కార్డులు పట్టుకోవాలి. తెరిచిన తీగల మోత పోయి చెయ్యి బిగుసుకుంటుంది, లయ బరువెక్కుతుంది. ఒంటరిగా వాయించి పాడేవాళ్లు చాలామంది తడబడేది ఇక్కడే. ఇద్దరుంటే ఒకరు రెండో మెట్టు మీద, ఇంకొకరు నాలుగో మెట్టు మీద క్యాపో బిగించుకుని, మలుపు దగ్గర ఒకరి నుంచి ఒకరు అందుకోవడం మంచి ఉపాయం.

ఈ పాటను హారిసన్‌ది అని నిమిషంలో గుర్తుపట్టించేది స్లైడ్ గిటార్. కర్ణాటక సంగీతంలో ‘జారు’ అంటాం కదా, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మధ్యలో ఏ మెట్టూ తగలకుండా ఎక్కడం, దిగడం. స్లైడ్ అంటే అదే. వేలికి గాజు గొట్టమో ఉక్కు గొట్టమో తొడుక్కుని దాన్ని తీగ మీద జరుపుతారు. గోటువాద్యం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. హారిసన్ 1966 నుంచి రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్నాడు. ఆ వాద్యంలో పైస్థాయి తనకు అందదని గ్రహించి 1968లో మళ్లీ గిటార్ పట్టాడు. 1969 చివర్లో డెలేనీ, బానీ దంపతుల బృందంతో కచేరీలు చేస్తున్నప్పుడు, ఒక పాటలో మరొకరు వాయించిన స్లైడ్ భాగాన్ని అతన్ని వాయించమన్నారు. స్లైడ్ అలా మొదలైంది. ఏడాది తిరక్కముందే రికార్డు మీద వినిపించిన పనితనం ఇది. బ్లూస్ గిటారిస్టుల స్లైడ్‌లో ఉండే గరుకుదనం, మెలితిప్పడం ఇక్కడ లేవు. స్వరం దగ్గరికి నింపాదిగా జారి, అక్కడ నిలబడి, చిన్నగా ఊగుతుంది. గమకాన్ని స్వరం చివర వేసే అలంకారంగా కాక స్వరంలో భాగంగా వినడం సితార్ దగ్గర అలవడిందే అనిపిస్తుంది.

రికార్డులో వినిపించేది ఒక్క స్లైడ్ కాదు. ఒకటి వాయించి, దానికి పైన జోడుగా రెండోది వేశారు. ఇద్దరు గాయకులు కలిసి పాడినట్టు రెండు వరసలు సమాంతరంగా జారతాయి. వినడానికి వెన్న, చేయడానికి రాయి. స్లైడ్‌కు మెట్ల ఆసరా లేదు. చేతికి తెలియాల్సిన కొలత ఇదీ: 648 మిల్లీమీటర్ల తీగ ఉన్న గిటార్ మీద 11, 12 మెట్ల మధ్య దూరం 19 మిల్లీమీటర్లు. ఆ దూరం ఒక అర్ధస్వరం, అంటే 100 సెంట్లు. గొట్టం 2 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే దాదాపు 10 సెంట్లు తప్పుతుంది. ఒకే గాంధారం, 415 హెర్ట్జ్ అనుకుందాం, రెండు ట్రాకుల్లో 10 సెంట్ల తేడాతో పడితే సెకనుకు రెండుసార్లకు పైగా అల కొట్టుకోవడం వినిపిస్తుంది. శ్రుతి చేయని తంబురా ముందు కూర్చున్నట్టు ఉంటుంది. రెండు ట్రాకులు వేసేటప్పుడు స్వరాలు కలిస్తే చాలదు, జారు మొదలైన క్షణం, జారిన వేగం కూడా కలవాలి. అందుకే ఇలాంటివి ఒకసారి వాయించి సరిపెట్టుకునే పని కాదు, పంక్తి పంక్తికీ ఆగి మళ్లీ వేయాలి.

నేర్చుకోవాలనుకునేవాళ్లకు ‘ఓపెన్ ఈ’ (open E) ట్యూనింగ్ దగ్గరి దారి. మామూలు శ్రుతిలో ఉన్న గిటార్‌లో అయిదో తీగను ‘ఏ’ (A) నుంచి ‘బి’ (B)కి, నాలుగోదాన్ని ‘డి’ (D) నుంచి ‘ఈ’ (E)కి, మూడోదాన్ని ‘జి’ (G) నుంచి ‘జి షార్ప్’ (G#)కు పెంచాలి. అప్పుడు లావు తీగ నుంచి సన్న తీగకు ‘స ప స గ ప స’ అవుతుంది. మూడు తీగలూ బిగుస్తాయి కాబట్టి పాత తీగలైతే తెగుతాయి, అకూస్టిక్ గిటార్ మెడ మీద ఒత్తిడి పెరుగుతుంది. అలా ఇష్టం లేకపోతే మొత్తం ‘ఓపెన్ డి’ (open D)కి దించి రెండో మెట్టు మీద క్యాపో పెట్టినా స్వరాలు అవే. ఇక గొంతు వరస మొత్తం నాలుగైదు మెట్ల వెడల్పులో దొరుకుతుంది. రెండో తీగ 12 దగ్గర పంచమం, మూడో తీగ 12 దగ్గర గాంధారం, అదే తీగ 10 దగ్గర రిషభం. పైకి వెళ్లేటప్పుడు రెండో తీగ 12, 14 మీద ప, ద, మొదటి తీగ 12 మీద తార షడ్జం. శ్రుతి మారాక అన్నీ రెండు మెట్లు పైకి. క్యాపో పెట్టినవాళ్లు మాత్రం ఈ లెక్క గిటార్ తలకట్టు నుంచి కాకుండా క్యాపో నుంచి వేసుకోవాలి.

మొదట్లో అందరూ చేసే తప్పులు మూడు. మామూలు గిటార్ అలవాటుతో గొట్టాన్ని మెట్టుకు వెనక ఆపుతారు. శ్రుతి కిందికి పోతుంది. గొట్టం సరిగ్గా మెట్టు కమ్మీకి పైన నిలవాలి. రెండోది, గట్టిగా నొక్కడం. తీగ మెట్టుకు తగిలి గరగరమంటుంది. తీగలు మరీ సన్నవైనా, మరీ కిందికి ఉన్నా ఇదే బాధ. మొదటి తీగ 11 లేదా 12 నంబరుది వేసి, బ్రిడ్జి కొద్దిగా లేపితే గొట్టానికి ఆనుకోను చోటు దొరుకుతుంది. మూడోది అన్నిటికన్నా మొండిది. గొట్టానికి వెనక ఉన్న తీగ ముక్క కూడా మోగుతుంది, పక్క తీగలూ మోగుతాయి. గొట్టాన్ని చిటికెన వేలికో ఉంగరపు వేలికో తొడుక్కుని, దాని వెనక మిగిలిన వేళ్లను తీగల మీద ఊరికే ఆనించాలి. కుడిచేతి వేళ్లతో వాయించని తీగలను మూయాలి. స్లైడ్‌లో సగం విద్య మోగించడం, సగం మోగకుండా ఆపడం. ఊపు వేసేటప్పుడు కమ్మీకి రెండు వైపులా సమానంగా ఊగాలి. ఒకవైపే ఊగితే స్వరం ఎప్పుడూ అపస్వరంగానే వినిపిస్తుంది.

గొంతుల దగ్గర తెలుగువాళ్లకు ఒక చమక్కు ఉంది. వెనక కోరస్ మొదట ‘హల్లెలూయా’ అంటుంది. కాసేపటికి అదే వరసలో ‘హరే కృష్ణ’, ‘హరే రామ’ మొదలవుతాయి. చర్చిలో పాడే మాటకు అలవాటుపడ్డ శ్రోత తెలియకుండానే కృష్ణ నామం పాడేయాలని కావాలనే అలా పెట్టానని హారిసన్ చెప్పుకున్నాడు. శ్రుతి పెరిగాక వచ్చేది మనం బడిలో ప్రార్థనకు చెప్పుకున్న ‘గురుర్బ్రహ్మా గురుర్విష్ణుః’ శ్లోకం, ‘తస్మై శ్రీ గురవే నమః’ దాకా పూర్తిగా. అనుష్టుప్ పాదానికి ఎనిమిది అక్షరాలు కాబట్టి నాలుగు దెబ్బల పాశ్చాత్య లయలో పెద్దగా ఇబ్బంది లేకుండా కూర్చుంది. కోరస్ పాడింది ‘జార్జ్ ఓహారా-స్మిత్ సింగర్స్’ అని అట్ట మీద వేశారు. అలాంటి బృందమేమీ లేదు, హారిసన్ తన గొంతునే మళ్లీ మళ్లీ రికార్డు చేసి పేర్చాడు. అంతకుముందు ఏడాదే లండన్ రాధాకృష్ణ మందిరం భక్తులతో ‘హరే కృష్ణ మంత్ర’ రికార్డు చేయించి బ్రిటన్‌లో 12వ స్థానం దాకా ఎక్కించిన అనుభవం అతనికి ఉంది.

విడిగా సింగిల్ (ఒక్క పాట రికార్డు) వేయడం హారిసన్‌కు మొదట ఇష్టం లేదు, ఆల్బమ్ మీద దృష్టి చెదురుతుందని. అమెరికాలో నవంబర్ 23న వేశారు, డిసెంబర్ 26 నాటికి మొదటి స్థానం, అక్కడే నాలుగు వారాలు. బ్రిటన్‌లో జనవరి 15న వేస్తే నెలాఖరుకు మొదటి స్థానం, అయిదు వారాలు. బీటిల్స్ విడిపోయాక వాళ్లలో ఒకరి సింగిల్‌కు మొదటి స్థానం దక్కడం ఇదే తొలిసారి. ఆల్బమ్ అమెరికాలో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది.

1971 ఫిబ్రవరి 10న దావా పడింది. వేసింది ‘హి ఈజ్ సో ఫైన్’ హక్కులున్న బ్రైట్ ట్యూన్స్ అనే ప్రచురణ సంస్థ. పాట రాసిన రానీ మ్యాక్ అప్పటికే లేడు, పాట హిట్టయిన 1963లోనే చనిపోయాడు. విచారణ 1976 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో జరిగింది. న్యాయమూర్తి రిచర్డ్ ఓవెన్ స్వయంగా ఆపెరాలు రాసిన సంగీతకర్త. హారిసన్ గిటార్‌తో కోర్టుకు వచ్చి పాట ఎలా పుట్టిందో వాయించి చూపించాడు. 1969 డిసెంబర్‌లో కోపెన్‌హాగన్‌లో రెండు కార్డులు ఊపుతూ ‘హల్లెలూయా’, ‘హరే కృష్ణ’ అనుకుంటూ ఉంటే పుట్టిందని, మనసులో ఉన్నది ‘ఓ హ్యాపీ డే’ అనే గాస్పెల్ (క్రైస్తవ భక్తి) పాట అని అతని వాదన.

న్యాయమూర్తి పాటను రెండు ముక్కలుగా విడగొట్టాడు. ‘ఎ’ ముక్క ‘ప గ రి’, ‘బి’ ముక్క ‘ప ద స ద స’. పాత పాటలో ‘ఎ’ నాలుగుసార్లు, ఆపైన ‘బి’ నాలుగుసార్లు. కొత్త పాటలో ‘ఎ’ నాలుగుసార్లు, ‘బి’ మూడుసార్లు, నాలుగోదాని చోట అంతే పొడవున్న వేరే వరస. ఈ ముక్కలు విడివిడిగా ఎవరివీ కావని ఆయన కూడా ఒప్పుకున్నాడు. మన దగ్గర మోహనలో కట్టిన గీతానికీ వర్ణానికీ సినిమా పాటకీ సంచారాలు కలిస్తే ఎవరూ దావా వేయరు, అవి రాగం ఆస్తి. అయిదు స్వరాల్లో తిరిగేటప్పుడు మూడు స్వరాలు కలవడం వింత కాదు. చిక్కల్లా ఆ రెండు ముక్కలూ అదే వరసలో, అన్నన్నిసార్లు, అవే కార్డుల మీద పక్కపక్కన రావడంలో ఉంది. దానికి తోడు ‘బి’ ముక్క రెండోసారి వచ్చేటప్పుడు పాత పాటలో ఒక చిన్న అనుస్వరం (మధ్యలో తాకి వదిలే స్వరం) ఉంది: ‘ప ద స ద రి స’. బిల్లీ ప్రెస్టన్ 1970 మొదట్లో పాడిన తొలి రికార్డింగ్‌లోనూ, దాన్నిబట్టి రాసిన స్వరప్రతిలోనూ అదే అనుస్వరం, అదే చోట. ఇంటి నమూనా కలిస్తే యాదృచ్ఛికం అనొచ్చు, అటక మీద అదే చోట అదే పగులు ఉంటే ఏమంటాం?

ఆగస్టు 31న తీర్పు వచ్చింది. హారిసన్ కావాలని ఎత్తేశాడని తాను నమ్మడం లేదని న్యాయమూర్తి రాశాడు. అయితే ఆ వరస జనం మెచ్చుతారని అతని ఉపచేతనకు తెలుసు, ఎందుకు తెలుసో చేతనకు తెలియదు. అమెరికా కాపీరైట్ చట్టంలో ఉద్దేశంతో పనిలేదు. పాత పాట వినే వీలు ఉండటం, రెండూ తగినంత కలవడం, ఈ రెండూ రుజువైతే చాలు. పాత పాట 1963లో బ్రిటన్‌లోనూ మోగింది, వినలేదనడానికి దారి లేదు. వరస వరకు చూస్తే తీర్పు గట్టిదే. స్వరాలు రాసుకుని చూశాక హారిసన్ పక్షాన వాదించడం కష్టం.

పరిహారం లెక్క మాత్రం వేరే సంగతి. పాట మీద వచ్చిన ఆదాయంలో లెక్కలోకి తీసుకున్నది 21,33,316 డాలర్లు. అందులో మూడు వంతులు ఎత్తిన వరస వల్ల, ఒక వంతు హారిసన్ పేరు, కొత్త మాటలు వగైరా వల్ల వచ్చాయని తేల్చి, 15,99,987 డాలర్లుగా నిర్ణయించారు. కాగితం మీద రాయగలిగేది వరస ఒక్కటే కాబట్టి తక్కెడలో దాని బరువే ఎక్కువ తూగింది. ఆ స్లైడ్ జంట, నాలుగు గిటార్ల ఊపిరి, హల్లెలూయా నుంచి గురుస్తుతి దాకా నడిచిన కోరస్, నాలుగున్నర శ్రుతికి ఎక్కిన మలుపు, ఇవన్నీ కలిపి పాతిక శాతంలో సర్దేశారు. అచ్చు ఇవే స్వరాలున్న ‘హి ఈజ్ సో ఫైన్’ హిట్టయింది నిజమే, కానీ వేరే కారణాలకు, వేరే శ్రోతలకు. 1971లో జోడీ మిల్లర్ అనే గాయని పాత పాటను మళ్లీ పాడి హిట్ చేసినప్పుడు, వెనక గిటార్ల ఏర్పాటు మాత్రం ‘మై స్వీట్ లార్డ్’ నుంచి తెచ్చుకున్నారు. వరస బాకీ ఒకవైపు, వాద్యాల ఏర్పాటు బాకీ ఇంకోవైపు. రెండో బాకీకి కోర్టులో ఖాతా లేదు.

తర్వాతి కథ తెలుగు సీరియల్‌కు తక్కువ కాదు. దావా మొదలైనప్పుడు హారిసన్ తరఫున రాజీ మాటలు నడిపిన మేనేజర్ ఆలెన్ క్లైన్. 1973లో ఇద్దరికీ చెడింది. లోపలి లెక్కలు తెలిసిన క్లైన్ అవతలి పక్షంతో బేరం పెట్టుకుని, 1978లో బ్రైట్ ట్యూన్స్ హక్కును 5,87,000 డాలర్లకు తానే కొన్నాడు. నిన్నటిదాకా తాను కాపాడిన మనిషి మీదే డిక్రీ వసూలు చేసుకోబోయాడు. 1981లో కోర్టు దీన్ని ఒప్పుకోలేదు. క్లైన్ పెట్టిన 5,87,000 ఇస్తే చాలు, అంతకు మించి ఒక్క డాలర్ లాభం తీసుకోకూడదని తేల్చింది. అప్పీలులోనూ అదే నిలిచింది. చిల్లర తగాదాలు 1998 దాకా సాగాయి. చివరికి ఉత్తర అమెరికాలో, బ్రిటన్‌లో ‘హి ఈజ్ సో ఫైన్’ హక్కు కూడా హారిసన్‌కే వచ్చింది. ఏ పాట ఎత్తాడని దోషి అయ్యాడో ఆ పాటకే యజమాని అయ్యాడు.

ఆల్బమ్‌కు 30 ఏళ్లయిన సందర్భంగా 2001 జనవరిలో తెచ్చిన ముద్రణలో హారిసన్ ఈ పాటను కొత్తగా వాయించి ‘మై స్వీట్ లార్డ్ (2000)’ అని చేర్చాడు. గొంతు వరస చాలాచోట్ల మారింది, స్లైడ్ మరింత నింపాదిగా, మరింత ధీమాగా ఉంది. రివర్బ్ మరీ ఎక్కువైందని అప్పట్లో ఒప్పుకున్నా, పాత మిక్స్ (ట్రాకులన్నీ కలిపి చేసిన తుది కూర్పు) జోలికి వెళ్లలేదు. ఆ ఏడాది నవంబర్ 29న అతను చనిపోయాక, 2002 జనవరిలో పాత రికార్డింగ్‌ను మళ్లీ వేస్తే బ్రిటన్‌లో మళ్లీ మొదటి స్థానానికి వెళ్లింది.

2021లో అతని కొడుకు ధని పర్యవేక్షణలో పాల్ హిక్స్ మొత్తం ఆల్బమ్‌ను కొత్తగా మిక్స్ చేశాడు. టేపు మీదికి ముందే ఎక్కిపోయిన ప్రతిధ్వని అలాగే ఉంది. మిక్సింగ్‌లో పైన పోసినదాన్ని మాత్రం తగ్గించగలిగారు. రెండు మిక్సులూ హెడ్‌ఫోన్స్‌లో ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని పల్లవి ఒక విడత సాగాక డ్రమ్స్ దిగే చోట వినండి. పాతదాంట్లో డ్రమ్స్ పక్క వీధి గుడిలో మోగినట్టు ఉంటాయి, గొంతు వాటితో కలిసి పొగమంచులో నిలబడి ఉంటుంది. కొత్తదాంట్లో గొంతు రెండడుగులు ముందుకు వచ్చి, ‘ప గ రి’ లోని రిషభం దగ్గర హారిసన్ ఊపిరి ఆగే చోటు కూడా తెలుస్తుంది.